స్ప్రింగు గ్రాఫు మూలబిందువు గుండా పోవట్లేదు, బల స్థిరాంకం దేన్ని తీసుకోవాలి?

రికార్డుబుక్కు:

ఇంటర్ మొదటి సంవత్సరం ప్రాక్టికల్, స్ప్రింగు బల స్థిరాంకం కనుక్కోవడం. స్టాండుకు ఉక్కు స్ప్రింగు, కింద 50 గ్రా. హ్యాంగరు, ఒక్కొక్కటి 50 గ్రా. ఉండే బిళ్ళలు, పక్కన మీటరు స్కేలు. స్ప్రింగు ఖాళీగా వేలాడుతున్నప్పుడు సూచిక ఉన్న చోటును సున్నాగా తీసుకున్నాను. కింద రాసిన బరువుల్లో హ్యాంగరు బరువు కూడా కలిసే ఉంది.

50 గ్రా. : 0.4 సెం.మీ.
100 గ్రా. : 2.3 సెం.మీ.
150 గ్రా. : 4.3 సెం.మీ.
200 గ్రా. : 6.2 సెం.మీ.
250 గ్రా. : 8.2 సెం.మీ.
300 గ్రా. : 10.2 సెం.మీ.

బరువు తీసేస్తూ వచ్చినప్పుడూ 1 మి.మీ. తేడాలోపే ఇవే రీడింగులు. ఒక్కో వరుసకూ బలాన్ని సాగుదలతో భాగిస్తే వరసగా 122, 43, 34, 32, 30, 29 న్యూటన్/మీటర్ వస్తున్నాయి. సగటు 48. స్థిరాంకం అన్నది ఇలా జారుతూ పోతే ఇక స్థిరాంకం ఎలా అవుతుంది? గ్రాఫు గీస్తే చుక్కలు చక్కగా ఒకే గీత మీద ఉన్నాయి, కానీ ఆ గీత మూలబిందువు గుండా పోవట్లేదు. బలవంతంగా మూలబిందువు గుండా గీస్తే 30 వస్తోంది.

ఇంకో చిక్కు: 300 గ్రా. వేలాడదీసి 20 డోలనాలకు పట్టే కాలం మూడుసార్లు చూస్తే 14.0, 14.1, 14.0 సెకన్లు. ఆవర్తన కాలం 0.702 సెకన్లు. దాన్నుంచి లెక్కిస్తే స్థిరాంకం 24.0. ఇప్పుడు 48, 30, 24లో ఏది రాయాలి? స్ప్రింగు పాడైందా?

తులాభారం:

హ్యాంగరు బరువు ఎక్కడో వదిలేసి ఉంటారు. గీత మూలబిందువు తప్పిందంటే నూటికి తొంభై సార్లు కారణం అదే. ముందు అది సరిచూసుకోండి.

వాలుచూడు:

తులాభారం గారూ, హ్యాంగరు వదిలేస్తే గీత తప్పేది రెండో వైపుకి. బరువు సున్నా అని రాసిన దగ్గరే కొంత సాగుదల కనిపించాలి, అంటే గీత సాగుదల అక్షాన్ని కోయాలి. ఇక్కడ అందుకు పూర్తిగా తిరగబడి ఉంది: సాగుదల సున్నా దగ్గర సుమారు 40 గ్రా. బరువు మిగులుతోంది. కాబట్టి మొదటి 40 గ్రాముల బరువు వేరే ఏదో పనికి ఖర్చైపోతోంది.

రికార్డుబుక్కు గారూ, స్ప్రింగు పాడవలేదు. ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య వెలుతురు కనబడకపోతే అది దగ్గరచుట్ల స్ప్రింగు. తలుపులకీ తరాజులకీ వాడే లాగుడు స్ప్రింగులు చాలావరకు ఈ రకమే. తీగను చుట్టేటప్పుడే కొంచెం మెలితిప్పుతూ చుడతారు. అందువల్ల ఏ బరువూ లేకపోయినా చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకునే ఉంటాయి. ఆ బిగువును తొలి బిగువు అనుకుందాం. మీరు వేలాడదీసిన బరువు ముందు ఈ నొక్కుడును విడిపించాలి. అది తీరాకే సాగదీయడం మొదలవుతుంది.

ఇప్పుడు మీ అంకెల్నే ఇంకోలా చదవండి. 50 నుంచి 100కి వెళితే 1.9 పెరిగింది. తర్వాత 2.0, 1.9, 2.0, 2.0. ప్రతి 50 గ్రాములకీ, అంటే 0.49 న్యూటన్లకీ, దాదాపు ఒకే పెరుగుదల. జారింది స్ప్రింగు కాదు, మీ భాగహారం. మొత్తం బలాన్ని మొత్తం సాగుదలతో భాగించడం గీత మూలబిందువు గుండా పోయినప్పుడే చెల్లుతుంది. లేదంటే ఆ 40 గ్రా. అప్పు ప్రతి వరుసలోనూ కూర్చుంటుంది. తక్కువ బరువు దగ్గర ఆ అప్పు వాటా ఎక్కువ కాబట్టి 122 వచ్చింది, బరువు పెరిగేకొద్దీ వాటా తగ్గి 29కి దిగింది. ఇంకా బిళ్ళలు వేస్తూ పోతే 25 వైపుకి దిగుతూనే ఉంటుంది, దాన్ని మాత్రం ఎప్పటికీ తాకదు.

చేయాల్సింది వాలు తీయడం. చివరి బిందువు నుంచి మొదటిది తీసేస్తే బలంలో తేడా 2.94 – 0.49 = 2.45 న్యూటన్లు, సాగుదలలో తేడా 10.2 – 0.4 = 9.8 సెం.మీ., అంటే 0.098 మీ. భాగిస్తే 25.0 న్యూటన్/మీటర్. గ్రాఫు మీద తీసేటప్పుడు మాత్రం మీ రీడింగు చుక్కల్ని వాడకండి. అన్ని చుక్కలకీ నడుమగా స్కేలుతో గీసిన గీత మీద, బాగా దూరంగా, గ్రాఫు గళ్ళ మూలల్లో పడే రెండు చోట్లు ఎంచుకోండి. దగ్గరదగ్గరి చోట్లు తీసుకుంటే అర గడి పొరపాటు కూడా జవాబును పది శాతం కదిపేస్తుంది.

మొదటి రీడింగు గురించి ఇంకొక్క మాట. స్కేలు మీద 1 మి.మీ. వరకే చదవగలం. 0.4 సెం.మీ. సాగుదలలో 1 మి.మీ. అంటే 25 శాతం. అలాంటి వరుసను సగటులో కలపడమే తప్పు. 48 వచ్చిందంటే ఆ ఒక్క 122 లాగేసింది.

సులువైన దారి కూడా ఉంది. హ్యాంగరు తగిలించిన చోటునే సున్నాగా పెట్టుకుని, దానిపైన వేసిన బిళ్ళల్ని మాత్రమే బరువుగా రాయండి. అప్పుడు 50కి 1.9, 100కి 3.9, 150కి 5.8, 200కి 7.8, 250కి 9.8 అవుతాయి. విడివిడిగా భాగించినా 25.8, 25.1, 25.3, 25.1, 25.0 వస్తాయి. గీత కూడా మూలబిందువు గుండానే పోతుంది. చాలా ల్యాబుల్లో ఇలాగే చేయిస్తారు, అందుకే ఈ తొలి బిగువు చాలామందికి ఎదురే పడదు. ఇందులో ఒక షరతు ఉంది: హ్యాంగరు బరువుకే చుట్లు విడివడి ఉండాలి. మీ దాంట్లో 50 గ్రా. అందుకు సరిపోయింది. 20 గ్రా. హ్యాంగరైతే సరిపోయేది కాదు.

రికార్డుబుక్కు:

వెలుతురుకి పెట్టి చూశాను, సందు లేదు. చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్ళు పోస్తూ కూడా చూశాను, కప్పుతో కలిపి బరువు తూచి. 10, 20 గ్రాములకి సూచిక కదల్లేదు. 30కి కదిలిందో లేదో తెలీదు. 40కి మాత్రం 2 మి.మీ. దిగింది. గ్రాఫు గీతను వెనక్కి పొడిగిస్తే 40 దగ్గర సున్నా ఉండాలి కదా? పైగా పై చుట్లు విడివడ్డాయి, కింది చుట్లు అంటుకునే ఉన్నాయి.

ల్యాబుమూల:

పై చుట్లు ముందు విడివడ్డాయని గమనించారు కదా, జవాబు అక్కడే ఉంది. స్ప్రింగుకి సొంత బరువుంది. అట్టడుగు చుట్టు కప్పును మాత్రమే మోస్తుంది. అన్నిటికంటే పై చుట్టు కప్పునీ, దానితోపాటు కింద ఉన్న మొత్తం స్ప్రింగునీ మోస్తుంది. మీ స్ప్రింగు తూచారా?

రికార్డుబుక్కు:

36 గ్రా.

ల్యాబుమూల:

సరిపోయింది. అన్ని చుట్లూ విడివడ్డాక సొంత బరువులో సగం, అంటే 18 గ్రా., అడుగున వేలాడదీసినంత సాగుదలనిస్తుంది. పై చుట్టు 36 మోస్తే అడుగుది సున్నా మోస్తుంది, సగటు 18. కాబట్టి గ్రాఫులో కనిపించే 40 గ్రా. అసలు తొలి బిగువు కాదు. అది తొలి బిగువులోంచి 18 పోగా మిగిలింది. అసలు బిగువు సుమారు 58 గ్రా. బరువుకి సమానం.

ఇప్పుడు మీ కప్పు రీడింగులు చూడండి. పై చుట్టు విడివడాలంటే దాని మీద 58 పడాలి. స్ప్రింగు 36 పోను ఇంకా 22 కావాలి. అందుకే 20 గ్రాములకి కదల్లేదు. 30 దగ్గర పైనున్న ఐదో వంతు చుట్లు మాత్రమే కాస్త విడివడతాయి, సాగుదల మి.మీ.లో మూడో వంతు, కంటికి ఆనదు. 40 దగ్గర సరిగ్గా పై సగం చుట్లు తెరుచుకుంటాయి, లెక్క ప్రకారం 1.8 మి.మీ. మీరు 2 చూశారు. 58 గ్రాములు దాటితేనే అడుగు చుట్టు కూడా తెరుచుకుంటుంది, గ్రాఫు అక్కణ్ణుంచే నిఖార్సైన సరళరేఖ. దాని కింద చిన్న వంపు ఉంటుంది. మీ 50 గ్రా. రీడింగు కూడా ఆ వంపులోదే, కాకపోతే తేడా అర మి.మీ. లోపే కాబట్టి స్కేలుకి చిక్కలేదు.

డోలనాల లెక్కలో వచ్చిన 24కి కూడా కారణం ఈ సొంత బరువే. బిళ్ళలతోపాటు స్ప్రింగూ ఊగుతోంది. అడుగు చుట్టు బిళ్ళంత వేగంతో, నడుమ చుట్టు అందులో సగం వేగంతో, పై చుట్టు కదలకుండా. గతిజశక్తి వేగ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఈ చుట్లన్నిటి శక్తినీ కూడితే స్ప్రింగు ద్రవ్యరాశిలో మూడో వంతు బిళ్ళకి అంటుకుని ఊగినట్టు తేలుతుంది. 300కి 12 కలపండి. స్థిరాంకం = 39.5 × 0.312 ÷ (0.702 వర్గం), అంటే 25.0. వాలుతో వచ్చిన 25.0తో కలిసిపోయింది. (39.5 అన్నది 4 × π².)

నిశ్చలంగా వేలాడేటప్పుడు సగం, ఊగేటప్పుడు మూడో వంతు. ఈ రెంటినీ తారుమారు చేసేవాళ్ళు చాలామంది.

స్ప్రింగు తూచే వీలు లేకపోతే 150, 200, 250, 300, 350 గ్రాములకి ఆవర్తన కాలాలు తీసి, వాటి వర్గాన్ని ద్రవ్యరాశికి ఎదురుగా గ్రాఫు గీయండి. గీత ద్రవ్యరాశి అక్షాన్ని రుణ వైపు 12 గ్రా. దగ్గర కోస్తుంది. వాలుతో 39.5ను భాగిస్తే స్థిరాంకం నేరుగా వస్తుంది, సొంత బరువు అడ్డం రాదు. తొలి బిగువు కూడా దీంట్లో కనిపించదు. ఆవర్తన కాలాన్ని నిర్ణయించేది వాలు మాత్రమే, గీత ఎక్కడ మొదలైందన్నదానితో దానికి పని లేదు. ఊగేటప్పుడు పైకి వచ్చినా చుట్లు మూసుకోకుండా ఉంటే చాలు. 2 సెం.మీ. మాత్రమే కిందికి లాగి వదలండి.

స్టాప్‌వాచి నొక్కినప్పుడు “ఒకటి” అని మొదలుపెట్టకండి, “సున్నా” అనండి. ఒకటితో మొదలుపెడితే మీరు 20 అనుకున్నవి నిజానికి 19 డోలనాలు. ఆవర్తన కాలం 5 శాతం తగ్గుతుంది, స్థిరాంకం 25కి బదులు 27.7 అవుతుంది. బిళ్ళ అట్టడుగున ఆగినట్టు కనిపించే చోట కాకుండా, నడుమ గుర్తును వేగంగా దాటేటప్పుడు నొక్కండి. అక్కడైతే సమయం తేల్చుకోవడం తేలిక.

ఇంకో చిన్న వింత. క్లాంపుకీ స్ప్రింగుకీ మధ్య దారం కట్టి మొత్తం వేలాడే పొడవును 49 సెం.మీ. దగ్గరికి తెచ్చారనుకోండి, నిలువుగా ఊగే 300 గ్రాముల బిళ్ళ కాసేపటికి పక్కకు లోలకంలా ఊగడం మొదలెడుతుంది, మళ్ళీ నిలువుకొస్తుంది. లోలకపు ఆవర్తన కాలం స్ప్రింగుదానికి సరిగ్గా రెట్టింపు అయినప్పుడు శక్తి అటూ ఇటూ మారుతుంది. చూడ్డానికి బావుంటుంది, కొలతకి మాత్రం పనికిరాదు. దారం లేకుండా చేయండి.

రాగితీగ:

పైవాళ్ళు చెప్పింది సరిగ్గా ఉంది. ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది: ఎంతవరకు బరువు వేయొచ్చు? “స్థితిస్థాపక అవధి దాటరాదు” అని పుస్తకం చెప్పి ఊరుకుంటుంది. మంచి ఉక్కు స్ప్రింగుకి ఆ అవధి 300 గ్రాములకి చాలా దూరం. దాన్ని దాటించి చూడాలని ల్యాబు స్ప్రింగును లాగకండి, తర్వాతి బ్యాచికి అది పనికిరాదు.

చూడాలనుంటే రాగితో చేసుకోండి. మోటారు వైండింగు చేసే దుకాణంలో 26 గేజి రాగి తీగ దొరుకుతుంది, మందం సుమారు 0.46 మి.మీ. పెన్సిలు మీద 20 చుట్లు దగ్గరదగ్గరగా చుట్టి తీసేయండి. రెండు చివర్లూ కొక్కేల్లా వంచండి. మధ్యలో కొంచెం లాగి చుట్ల మధ్య సందులు చేయండి. ప్లాస్టిక్ కప్పు తగిలించి సిరంజితో 5 మి.లీ. చొప్పున నీళ్ళు పోయండి, 5 మి.లీ. అంటే 5 గ్రా. ప్రతిసారీ రీడింగు తీసుకుని, నీళ్ళు సిరంజితోనే వెనక్కి లాగేసి, సూచిక మొదటి చోటికి తిరిగి వచ్చిందా చూడండి. పనంతా ఈ రెండో చూపులోనే ఉంది. మొదట్లో తిరిగి వస్తుంది. కాసేపటికి 1 మి.మీ. కిందే ఆగిపోతుంది, ఆ తర్వాత 3, 5. ఆగిపోవడం మొదలైన చోటే అవధి దాటినట్టు. గ్రాఫులో కూడా అక్కడే గీత సాగుదల వైపుకి వంగుతుంది. మెత్తటి రాగికి ఇది ఉక్కు కంటే చాలా ముందే జరుగుతుంది. చుట్లు సాగినట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి లోపల తీగ మెలిపడుతోంది. స్ప్రింగు సాగడమంటే తీగ పొడవు పెరగడం కాదు, తీగ మెలితిరగడం. అందుకే మందం రెట్టింపు చేస్తే, మిగతావన్నీ అలాగే ఉంటే, స్థిరాంకం 16 రెట్లవుతుంది. చుట్టు వ్యాసం రెట్టింపు చేస్తే 8వ వంతుకి పడిపోతుంది.

రబ్బరు బ్యాండుతో కూడా ఇదే చేసి చూడండి. గీత సరళరేఖే కాదు, ఎస్ ఆకారంలో వంకర. బరువు వేసేటప్పటి గీతా, తీసేటప్పటి గీతా వేర్వేరు. రెండు గీతల మధ్య ఉన్న వైశాల్యమే రబ్బరులో వేడిగా పోయిన శక్తి. రబ్బరుకి బల స్థిరాంకం అని ఒక్క అంకె రాయమంటే ఆ ప్రశ్నే తప్పు.

తులాభారం:

హ్యాంగరు సంగతి ఒప్పుకున్నాను. ఇంకొకటి: వేసేటప్పుడూ తీసేటప్పుడూ రీడింగుల్లో తేడా వస్తే రెండు రకాలుగా ఉంటుంది, వాటిని కలిపేయకూడదు. సూచిక స్కేలుకి రాసుకుంటుంటే, వేసేటప్పుడు సాగుదల తక్కువగా, తీసేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. అన్నీ తీసేసి స్కేలును కాస్త దూరం జరిపితే సూచిక సున్నాకి వచ్చేస్తుంది. ఎంత దూరం జరిపినా రాకపోతే స్ప్రింగు సాగిపోయినట్టే. మొదటిదానికి సగటు తీసుకోవచ్చు. రెండోదానికి సగటు తీస్తే తప్పును సగానికి దాచినట్టు.

స్టాండు కాలు బిళ్ళల వైపుకే ఉండాలి. వెనక్కి ఉంటే 300 గ్రాములకే స్టాండు ముందుకి వంగి, క్లాంపు రెండు మి.మీ. దిగుతుంది, ఆ రెండూ మీ సాగుదలలో కలిసిపోతాయి. బిళ్ళల మీద 50 అని రాసి ఉన్నా ఒకసారి తూచండి. అంచులు అరిగిన పాత బిళ్ళలు 1, 2 గ్రా. తక్కువ తూగడం మామూలే.

రికార్డుబుక్కు:

ధన్యవాదాలు అందరికీ. ఆఖరిది: మా గ్రాఫులో బరువు ఎక్స్ అక్షం మీద, సాగుదల వై అక్షం మీద వేయమన్నారు. వాలు 0.04 వస్తోంది. ఇది 25 ఎలా అవుతుంది? ఒకే రకం స్ప్రింగులు రెండు కలిపి కూడా చేయమంటున్నారు.

వాలుచూడు:

అక్షాలు తిరగేస్తే వాలు స్థిరాంకానికి వ్యుత్క్రమం అవుతుంది. 1 ÷ 0.04 = 25. వాలుకి ప్రమాణం రాసుకుంటూ పోతే ఈ తికమకే రాదు: మీటర్/న్యూటన్ అని వచ్చిందంటే తిరగెయ్యాలని అదే చెబుతుంది. మీకు ఎక్స్ అక్షం మీద బరువు గ్రాముల్లోనే ఉంటే వాలు 0.039 సెం.మీ./గ్రా. దగ్గర వస్తుంది. చూడ్డానికి ఈ అంకే 0.04లా ఉంటుంది కానీ ఇది వేరే ప్రమాణం, 25.5 గ్రా./సెం.మీ. అవుతుంది. న్యూటన్లలోకి మార్చడం మరచి 25.5 న్యూటన్/మీటర్ అని రాసేస్తే అది దగ్గరగా ఉండడం వల్ల ఎవరికీ దొరకదు, కానీ తప్పే. గురుత్వ త్వరణం 9.8 చాలు. హైదరాబాదులో అది 9.78కి దగ్గర, తేడా 0.2 శాతం, స్కేలు చదవడంలో పొరపాటు దానికంటే ఎన్నో రెట్లు పెద్దది.

రెండు స్ప్రింగులు ఒకదాని కింద ఒకటి: 12.5. రెంటినీ పక్కపక్కన కట్టి, కింద తేలికపాటి కడ్డీ నడిమధ్యన బరువు వేలాడదీస్తే: 50. పక్కపక్కన ఉన్నప్పుడు తొలి బిగువు కూడా రెట్టింపు అవుతుంది, గీత 80 గ్రా. దగ్గర మొదలవుతుంది. కాబట్టి అక్కడ 50, 100 గ్రా. రీడింగులు లెక్కలోకి తీసుకోకండి, 150 నుంచి వేయండి. ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు పై స్ప్రింగు కింది దాని 36 గ్రా. కూడా మోస్తుంది, అందుకని అది ఖాళీగానే కొంచెం తెరుచుకుని ఉంటుంది. చూసి కంగారు పడకండి. రెండు సందర్భాల్లోనూ వాలే తీయండి. కడ్డీ నడుమ కాకుండా పక్కన వేలాడదీశారంటే ఒక స్ప్రింగు ఎక్కువ, ఇంకోటి తక్కువ సాగి కడ్డీ వాలిపోతుంది. సూచికను కడ్డీ చివర కాకుండా బరువు వేలాడే చోటే పెట్టండి.